బీజగణితం, సంఖ్యల లెక్కలు మెట్టుమెట్టుగా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలకు, సాయంత్రం వాళ్ల పక్కన కూర్చుని లెక్కలు చేయించే అమ్మానాన్నలకు, చదువు ఆపేసిన చాలా ఏళ్లకు గ్రూప్స్, బ్యాంకు, రైల్వే పరీక్షల కోసం మళ్లీ లెక్కల పుస్తకం తెరిచినవాళ్లకు ఈ పేజీ పనికొస్తుంది. జవాబు ఎలా వచ్చిందన్నదాని కంటే, మధ్యలో వేసిన ప్రతి మెట్టు ఎందుకు వేశామన్నదాని మీదే ఎక్కువ మాట్లాడతాను. ఆ ఎందుకు తెలిస్తే సూత్రం మరిచిపోయినా లెక్క ఆగదు.

రాత గురించి ఒక మాట. తెలియని సంఖ్యను మీ పుస్తకంలో ఎక్స్ అని రాస్తారు. ఇక్కడ య అని రాశాను. 1150లో బీజగణితం రాసిన భాస్కరాచార్యుడు మొదటి తెలియని రాశిని యావత్తావత్ అని, రెండోదాన్ని కాలక అని పిలిచి, యా, కా అని పొట్టిగా రాసేవాడు. అందుకే ఇక్కడ మొదటిది య, రెండోది క. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్న అక్షరాలే వాడండి.

సమీకరణాన్ని సాధించడం అంటే అసలు ఏం చేయడం?

3య + 7 = 22 అని ఇచ్చారనుకోండి. ఒక సంఖ్యను మూడింతలు చేసి, 7 కలిపితే 22 వచ్చింది, ఆ సంఖ్య ఏది అని దాని అర్థం. సమీకరణాన్ని ముందు ఇలా తెలుగు వాక్యంగా చదివితే సగం భయం పోతుంది.

చివర్లో కలిపింది 7. దాన్ని తీసేస్తే మూడింతలు మిగులుతుంది: 22 − 7 = 15. మూడింతలు 15 అయితే ఆ సంఖ్య 5. సరిచూద్దాం: 3 × 5 + 7 = 22. సరిపోయింది. సంఖ్యకు ఏ వరసలో ఏమేం చేశారో, దానికి ఎదురు వరసలో ఒక్కొక్కటే విప్పుకుంటూ వెనక్కి రావాలి. మొదటి స్థాయి సమీకరణాలన్నిటికీ ఉన్న పద్ధతి ఇదే.

ప్లస్ అటు పోతే మైనస్ ఎందుకు అవుతుంది?

ఏదీ అటూ ఇటూ పోదు. మనం రెండు వైపులా ఒకే పని చేస్తాం, అంతే. సమీకరణం సరిగ్గా తూగుతున్న తక్కెడ లాంటిది. ఎడమ పళ్లెంలోంచి 7 తీస్తే కుడి పళ్లెంలోంచీ 7 తీయాలి, లేకపోతే ఒక పక్కకు ఒరిగిపోతుంది. పూర్తిగా రాస్తే ఇలా ఉంటుంది:

3య + 7 = 22
3య + 7 − 7 = 22 − 7
3య = 15

రెండో వరసను మనసులోనే చేసేసి మూడో వరసకు దూకడాన్నే పుస్తకాల్లో పక్షాంతరం అంటారు. ఆ దూకుడు మాత్రమే చూసిన పిల్లలకు 7 అటు దూకి మైనస్ అయినట్టు కనిపిస్తుంది. ఇక్కడితో ఆగితే నష్టం లేదు. కానీ తరవాతి మెట్టు 3య = 15 దగ్గర అదే పిల్లవాడు “3 అటు పోతే మైనస్ 3” అని య = 12 రాస్తాడు. ఏటా ఎన్నో జవాబు పత్రాల్లో కనిపించే తప్పు ఇది. 3 అక్కడ కలిసి లేదు, గుణించి ఉంది. గుణకారాన్ని విప్పేది భాగహారం. కాబట్టి రెండు వైపులా 3తో భాగించాలి: య = 5.

అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ రెండో వరసను కొన్ని వారాల పాటు పూర్తిగా రాయాలని గట్టిగా చెబుతాను. టైము వేస్టు అనిపించినా రాయండి. కొన్నాళ్లకు చేయి దానంతటదే ఆ వరస వదిలేస్తుంది, అప్పుడు వదిలినా ప్రమాదం ఉండదు.

రెండు వైపులా య ఉంటే?

తక్కువ య ఉన్న వైపు నుంచి దాన్ని తీసేయండి. 5య − 4 = 2య + 11లో రెండు వైపులా 2య తీసేస్తే 3య − 4 = 11. రెండు వైపులా 4 కలిపితే 3య = 15. య = 5. సరిచూస్తే ఎడమ వైపు 25 − 4 = 21, కుడి వైపు 10 + 11 = 21.

మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎలా అవుతుంది? సూత్రమని బట్టీ పట్టడమేనా?

బట్టీ అక్కర్లేదు. ఈ వరసలు చూడండి:

3 × (−2) = −6
2 × (−2) = −4
1 × (−2) = −2
0 × (−2) = 0

ఎడమ పక్క సంఖ్య ఒక్కొక్కటి తగ్గుతుంటే జవాబు రెండేసి పెరుగుతోంది. తరవాతి వరసలో (−1) × (−2) విలువ 2 కాకపోతే ఈ క్రమం తెగిపోతుంది. ఇంకా బలమైన కారణం కావాలంటే ఇది: 2 + (−2) విలువ సున్నా. దాన్ని −1తో గుణించినా సున్నాయే రావాలి. విడివిడిగా గుణిస్తే మొదటి ముక్క −2. మొత్తం సున్నా కావాలంటే రెండో ముక్క, అంటే (−1) × (−2), తప్పనిసరిగా +2 కావాలి.

ధనం, రుణం, సున్నా ఈ మూడింటితో కూడిక, గుణకారం ఎలా చేయాలో 628లోనే బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో నియమాలుగా రాశాడు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం అన్నది వాటిలో ఒకటి.

ఒక హెచ్చరిక. ఈ నియమం గుణకార భాగహారాలకే. −3 − 5 విలువ −8. “రెండు మైనస్‌లు ఉన్నాయి కాబట్టి ప్లస్” అని 8 రాయడం, నియమాన్ని దానిది కాని చోట వాడటమే. మూడు రూపాయలు అప్పున్నవాడు ఇంకో అయిదు అప్పు చేస్తే ఎనిమిది రూపాయల అప్పే మిగులుతుంది.

బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే ప్రతిసారీ తప్పు వస్తోంది. ఏం చేయాలి?

బయట ఉన్న సంఖ్యను, దాని గుర్తుతో సహా, లోపలి ప్రతి పదంతోనూ గుణించాలి. మొదటి పదాన్ని గుణించి రెండోదాన్ని వదిలేయడమో, రెండోదాని గుర్తు మార్చకపోవడమో చాలామంది చేస్తారు.

10 − 2(య − 3) = 4
10 − 2య + 6 = 4
16 − 2య = 4
2య = 12
య = 6

రెండో వరసలో +6 ఎలా వచ్చిందో చూడండి: −2 ఇంటూ −3. అక్కడ −6 రాసినవాళ్లకు య విలువ 0 వస్తుంది. ఆ 0ని మొదటి వరసలో పెడితే 10 + 6 = 16 వస్తుంది, 4 రాదు. సరిచూసుకునే అలవాటు ఉన్నవాళ్లకు తప్పు అక్కడే దొరికిపోతుంది. ఇంకో మాట: 10 − 2 చేసి 8(య − 3) అని మొదలుపెట్టకండి. 2 బ్రాకెట్‌తో గుణకారంలో ఉంది, దాన్ని విడదీసి 10తో కలపకూడదు.

భిన్నాలు కనిపిస్తేనే టెన్షన్. సులువైన దారి ఉందా?

ఉంది. మొదటి మెట్టులోనే భిన్నాలను వదిలించుకోండి. హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే అన్నిటితోనూ భాగించబడే అతి చిన్న సంఖ్య) కనుక్కుని రెండు వైపులా ప్రతి పదాన్నీ దానితో గుణిస్తే చాలు.

య/3 + య/4 = 14. 3, 4ల క.సా.గు. 12. అన్నిటినీ 12తో గుణిస్తే 4య + 3య = 168. 7య = 168, య = 24. సరిచూస్తే 8 + 6 = 14. కుడి వైపు 14ను గుణించడం మరిచిపోతే మొత్తం లెక్క పోతుంది. అది భిన్నం కాదు కదా అని వదిలేస్తుంటారు.

లవంలో రెండు పదాలుంటే బ్రాకెట్ వేయండి. (య + 1)/2 − (య − 2)/3 = 3 అనే లెక్కను 6తో గుణిస్తే 3(య + 1) − 2(య − 2) = 18. విప్పితే 3య + 3 − 2య + 4 = 18. అంటే య + 7 = 18, య = 11. బ్రాకెట్ వేయకుండా చేసినవాళ్లకు ఆ +4 బదులు −4 వస్తుంది. సరిచూడండి: 12/2 − 9/3 = 6 − 3 = 3.

మాటల లెక్కల్లో సమీకరణం ఎలా రాయాలో తోచదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. ఇందులో గణితం తక్కువ, జాగ్రత్తగా చదవడం ఎక్కువ. లెక్కను ఒకసారి పూర్తిగా చదవండి. చివర్లో ఏం అడిగారో గీత గీయండి. ఆ అడిగినదాన్నో, దానికి దగ్గరగా ఉన్న చిన్న సంఖ్యనో య అనుకోండి. “కొడుకు వయసు = య ఏళ్లు” అని మాటల్లో రాసి పెట్టుకోండి. ఈ ఒక్క వరస రాయకపోవడం వల్లే చివర్లో య దొరికాక అది ఎవరి వయసో తెలియక తికమక పడతారు.

ఉదాహరణ: తండ్రి వయసు కొడుకు వయసుకు నాలుగు రెట్లు. ఆరేళ్ల తరవాత మూడు రెట్లు అవుతుంది. ఇప్పుడు ఎవరి వయసు ఎంత?

ఇప్పుడు: కొడుకు య, తండ్రి 4య.
ఆరేళ్ల తరవాత: కొడుకు య + 6, తండ్రి 4య + 6.
అప్పటి మాట: 4య + 6 = 3(య + 6)
4య + 6 = 3య + 18
య = 12

కొడుక్కి 12, తండ్రికి 48. ఆరేళ్లకు 18, 54. మూడు రెట్లు సరిపోయింది. ఆరేళ్లు గడిచేది ఇద్దరికీ. ఒకరికే 6 కలపడం ఈ లెక్కల్లో మామూలుగా జరిగే పొరపాటు. ఇప్పటి వయసులు, అప్పటి వయసులు వేరువేరు వరసల్లో రాసుకుంటే అది జరగదు.

మాటల లెక్కలు ఈ కాలపు సిలబస్‌తో పుట్టినవి కావు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో గణితానికి మొదటి కావ్యంగా దాన్ని చెప్పుకుంటాం. లెక్కను పద్యంగా విని, అందులోంచి సంఖ్యలను విడదీసుకుని జవాబు చెప్పిన సంప్రదాయం మనది.

రెండు తెలియని సంఖ్యలుంటే?

రెండు సమీకరణాలు కావాలి. ఒక దొడ్లో కోళ్లు, మేకలు కలిపి 30 తలలు, 84 కాళ్లు. కోళ్లు య, మేకలు క అనుకుందాం.

య + క = 30
2య + 4క = 84

మొదటిదాన్ని 2తో గుణిస్తే 2య + 2క = 60. దీన్ని రెండోదానిలోంచి తీసేస్తే 2క = 24, క = 12. మేకలు 12, కోళ్లు 18. కాళ్లు 36 + 48 = 84.

ఇదే లెక్కను అక్షరాలు లేకుండానూ చేయొచ్చు. అన్నీ కోళ్లే అనుకుంటే 60 కాళ్లు ఉండాలి. 24 ఎక్కువ ఉన్నాయి. ఒక్కో మేకకు రెండు కాళ్లు ఎక్కువ కాబట్టి మేకలు 12. పైన 2తో గుణించి తీసివేసినప్పుడు మనం చేసింది అచ్చంగా ఇదే. పిల్లలకు ముందు ఈ నోటిలెక్క పద్ధతి చూపించి, తరవాత అక్షరాలతో చేయించండి. అక్షరాల వెనక ఏం జరుగుతోందో వాళ్లకు కళ్లకు కడుతుంది.

రెండంకెల సంఖ్యను తారుమారు చేసే లెక్కలు ఎలా?

పదుల స్థానంలో య, ఒకట్ల స్థానంలో క ఉన్న సంఖ్య విలువ 10య + క. దాన్ని యక అని పక్కపక్కన రాస్తే య ఇంటూ క అయిపోతుంది.

అంకెల మొత్తం 9. సంఖ్యకు 27 కలిపితే అంకెలు తారుమారవుతాయి. పదుల అంకె య అయితే ఒకట్ల అంకె 9 − య. సంఖ్య 10య + 9 − య, అంటే 9య + 9. తారుమారు చేస్తే 10(9 − య) + య, అంటే 90 − 9య. ఇప్పుడు 9య + 9 + 27 = 90 − 9య. 18య = 54, య = 3. సంఖ్య 36. దానికి 27 కలిపితే 63.

బాడ్మాస్‌లో (ఏ పని ముందు చేయాలో చెప్పే వరసలో) కూడిక ముందా, తీసివేత ముందా?

రెండింటిదీ ఒకే స్థాయి. ఎడమ నుంచి ఏది ముందొస్తే అది. 18 − 6 + 4 విలువ 16. ముందు 6 + 4 చేసి 8 అనకూడదు. భాగహారం, గుణకారం కూడా అంతే: 24 ÷ 4 × 2 = 12. వాట్సాప్‌లో తిరిగే “నూటికి తొంభై మంది తప్పు చేసే లెక్క” రకం పజిళ్లు చాలావరకు బ్రాకెట్ పెట్టకుండా గందరగోళంగా రాసినవే. వాటి మీద వాదించుకోవడం కంటే బ్రాకెట్ పెట్టి రాయమని అడగడం మేలు.

క.సా.గు. చేయాలా, గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే అన్నిటినీ భాగించే అతి పెద్ద సంఖ్య) చేయాలా? లెక్క చూడగానే ఎలా తెలుస్తుంది?

ఇచ్చిన సంఖ్యల కంటే పెద్ద జవాబు రావాలా, చిన్నది రావాలా అని అడుక్కోండి. ఒక గంట 12 నిమిషాలకోసారి, ఇంకోటి 18 నిమిషాలకోసారి మోగుతాయి. ఇప్పుడు కలిసి మోగాయి, మళ్లీ ఎప్పుడు? 18 నిమిషాల లోపు కుదరదు కాబట్టి క.సా.గు., 36 నిమిషాలు. 84 మీటర్లు, 60 మీటర్లు ఉన్న రెండు తాళ్లను మిగలకుండా సమాన ముక్కలు చేయాలి, ముక్క ఎక్కువలో ఎక్కువ ఎంత పొడవుండొచ్చు? 60 కంటే ఎక్కువ కాలేదు కాబట్టి గ.సా.భా., 12 మీటర్లు.

పెద్ద సంఖ్యలకు కారణాంకాలు వెతుక్కోకుండా యూక్లిడ్ పద్ధతి వాడండి. 1071, 462 తీసుకుందాం. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే శేషం 147. 462ను 147తో భాగిస్తే శేషం 21. 147ను 21తో భాగిస్తే శేషం సున్నా. గ.సా.భా. 21. రెండు సంఖ్యలనూ భాగించేది వాటి శేషాన్నీ భాగించి తీరుతుంది, అందుకే ఇది పనిచేస్తుంది. రెండు వేల ఏళ్లకు పైబడిన పద్ధతి, మూడు భాగహారాల్లో పని అయిపోయింది. సంఖ్యల లెక్కల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

అంకెలు కూడితే 9తో భాగించబడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

4572ను విడదీయండి. వెయ్యి అంటే 999 + 1, వంద అంటే 99 + 1, పది అంటే 9 + 1. ఆ 999, 99, 9 భాగాలు ఎలాగూ 9తో భాగించబడతాయి. మిగిలేది 4 + 5 + 7 + 2 = 18. అది 9తో పోతుంది కాబట్టి మొత్తం సంఖ్యా పోతుంది: 4572 ÷ 9 = 508. 3కీ ఇదే కారణం. 11కు అంకెలను ఒకటి కలిపి, ఒకటి తీసివేస్తూ వెళ్లాలి. 2728కి 2 − 7 + 2 − 8 = −11, కాబట్టి 11తో భాగించబడుతుంది.

శేషాల లెక్కలకు ఏదైనా దారి ఉందా?

ముందు శేషాల మధ్య పోలిక వెతకండి. 3తో భాగిస్తే 2, 4తో 3, 5తో 4 మిగిలే అతి చిన్న సంఖ్య ఏది? ప్రతిచోటా ఒకటే తక్కువైంది. ఆ సంఖ్యకు 1 కలిపితే మూడింటితోనూ పోతుంది. వాటి క.సా.గు. 60, కాబట్టి జవాబు 59.

పోలిక లేకపోతే వరస రాయండి. 5తో భాగిస్తే 2, 7తో భాగిస్తే 3 మిగలాలి. 7తో 3 మిగిలేవి 3, 10, 17. వీటిలో 5తో 2 మిగిలేది 17. ఆ పైన 35 కలుపుకుంటూ పోతే 52, 87 కూడా సరిపోతాయి. ఇలాంటి లెక్కలకే 499లో ఆర్యభటుడు కుట్టకం అనే పద్ధతి చెప్పాడు. దాని లోపల కూడా యూక్లిడ్ పద్ధతిలో లాగా వరస భాగహారాలే ఉంటాయి.

20 శాతం తగ్గించి 640కి అమ్మారు. 640కి 20 శాతం కలిపితే అసలు ధర రాదా?

రాదు. 768 వస్తుంది, అది తప్పు. తగ్గింది అసలు ధరలో 20 శాతం, 640లో కాదు. అసలు ధర య అయితే అందులో 80 శాతం 640. 80య/100 = 640, య = 800. ఏ సంఖ్యలో శాతం అన్నది ముందు తేల్చుకోండి. 100 రూపాయలను 20 శాతం పెంచి, మళ్లీ 20 శాతం తగ్గిస్తే 96 కావడానికీ ఇదే కారణం.

వర్గ సమీకరణాలకు సూత్రం గుర్తుండటం లేదు. వేరే దారి?

చిన్నవాటికి కారణాంకాలు చాలు. య² − 5య + 6 = 0లో గుణిస్తే 6, కూడితే 5 వచ్చేవి 2, 3. (య − 2)(య − 3) = 0. రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటైనా సున్నా కావాలి. కాబట్టి య = 2 లేదా 3.

కారణాంకాలు తోచనప్పుడు శ్రీధరాచార్యుని పద్ధతి ఉంది. 2య² + 3య = 5 తీసుకోండి. య² గుణకానికి నాలుగు రెట్లు, అంటే 8తో గుణించండి: 16య² + 24య = 40. య గుణకం 3, దాని వర్గం 9 రెండు వైపులా కలపండి: 16య² + 24య + 9 = 49. ఎడమ వైపు (4య + 3)². కాబట్టి 4య + 3 విలువ 7 లేదా −7. య = 1 లేదా −5/2. మీ పుస్తకంలో సూత్రం పుట్టింది ఇలాంటి మెట్ల నుంచే.

ఒక ప్రమాదం: య² = 5యలో రెండు వైపులా య కొట్టేసి 5 అని ఆపకండి. య సున్నా కావొచ్చు, సున్నాతో భాగించకూడదు. రెండు వైపులా 5య తీసేసి య(య − 5) = 0 అని రాస్తే 0, 5 రెండూ దొరుకుతాయి.

ఫోన్‌తో ఫొటో తీస్తే స్టెప్పులతో సహా జవాబు వస్తోంది. వాడొచ్చా?

మీరు చేశాక వాడండి. మీ మెట్లను దాని మెట్లతో పోల్చి, ఎక్కడ దారి మారిందో చూడండి. ముందే చూసేస్తే చదివిన ప్రతి వరసా మనకు వచ్చినట్టే అనిపిస్తుంది, ఖాళీ కాగితం ముందు కూర్చుంటే ఒక్కటీ రాదు.

పోటీ పరీక్షలకు షార్ట్‌కట్లు నేర్చుకుంటే సరిపోదా?

పద్ధతి వచ్చినవాళ్లకు షార్ట్‌కట్ టైము మిగులుస్తుంది. రానివాళ్లకు ప్రశ్న కాస్త మార్చగానే చేతులెత్తేయాల్సి వస్తుంది. నాలుగు ఆప్షన్లు ఇచ్చినప్పుడు వాటిని సమీకరణంలో పెట్టి చూడటం మాత్రం మంచి పద్ధతే, అది సరిచూడటమే కాబట్టి.

ఎక్కాలు రాని పిల్లలకు బీజగణితం మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టండి. ఎక్కాల కోసం ఏడాది ఆపితే తరగతి ముందుకు వెళ్లిపోతుంది, పిల్లలు లెక్కలంటేనే ముఖం తిప్పుకుంటారు. ఎక్కాల పట్టిక పక్కన పెట్టి చేయించండి, రోజూ కొన్ని ఎక్కాలు చదివించండి. రెండూ కలిసి నడుస్తాయి.

సొంతంగా చేయడానికి కొన్ని లెక్కలు ఇస్తారా?

1. 7య − 9 = 3య + 15
2. 5 − 3(2 − య) = 11
3. (2య − 1)/3 = (య + 4)/2
4. మూడు వరస సరి సంఖ్యల మొత్తం 78. అవి ఏవి?
5. రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం 12. సంఖ్యకు 18 కలిపితే అంకెలు తారుమారవుతాయి. సంఖ్య ఏది?
6. 8, 12, 15 దేనితో భాగించినా 5 మిగిలే అతి చిన్న మూడంకెల సంఖ్య ఏది?

జవాబులు వరసగా: 6; 4; 14; 24, 26, 28; 57; 125. మీ జవాబు వేరుగా వస్తే ముందు దాన్ని లెక్క మొదటి వరసలో పెట్టి చూడండి, తరవాత ఒక్కో మెట్టూ పై నుంచి కిందికి మళ్లీ చదవండి. రెండో లెక్కలో తప్పితే బ్రాకెట్ విప్పిన వరసను, మూడో లెక్కలో తప్పితే 6తో గుణించిన వరసను ముందు చూడండి.